మాట పట్టిన నూలు

పొద్దున్నే టీ తాగేసి, తుండు భుజాన ఏసుకోని రంగనాథం నేరుగా మూటల గదిలోకి పోతాడు. షెడ్డు ఆయనదే గానీ, మగ్గాలు ఆయన లేకున్నా ఆడతాయి. మూటల గది అట్ల కాదు. నిన్న మగ్గం నుంచి కోసిన పంచెలు, తుండ్లు, ఉత్తరీయాలు ఆడ మడతలు పెట్టి ఉంటాయి. ఒక్కొక్కటి తీసి చెవికి ఆనించుకోని వినాల. వాళ్ళ నాయన గూడా అట్లే వినేవాడు. నగరిలో నేసేవాళ్ళు శానామంది ఉండారు గానీ ఈ వీధి నూలుకు మాట పడతాది. రాట్నం మింద కండెలు చుట్టేటప్పుడు పక్కన ఏం మాట్లాడుకుంటే అది పోగుకు అంటుకుంటాది. నేసినాక గుడ్డను చెవి కాడ పెట్టుకుంటే సన్నగా వినపడతాది. మొదటి ఉతుకుతో పోతాది. మంచి మాట పట్టిన గుడ్డకు గిరాకీ, కొట్లాట పట్టిన గుడ్డకు తిట్లు. వీధి పుట్టినప్పటి నుంచీ అంతే.

మగ్గాల షెడ్డులో మాత్రం ఏ మాటా పట్టదు. ఆ మరమగ్గాల రొదలో మనిషి అరిచినా పక్క మనిషికి చేరదు, ఇంక పోగుకేం చేరతాది? అందుకే షెడ్డులో అందురూ పెదాలు సూసి మాట్లాడుకుంటారు. మీసాలు మొలవక ముందు నుంచీ ఆ రొదలో నిలబడిన మనిషి రంగనాథం. మగ్గం నడిపే మురుగేష్ ఆ మూలన పెదవి కదిపితే చాలు, పడుగు తెగిందో, టీ కావాల్నో, ఇంటికి తొందరగా పోవాల్నో ఈ మూల నుంచే చెప్పేస్తాడు.

పోయిన శ్రావణ మాసంలో ఒక కత జరిగింది. కండెలు చుట్టే లీలావతి, రాట్నం కాడ కూర్చోని వాళ్ళ ఆడబిడ్డను తిట్టిపోసింది. ఆ తిట్లన్నీ ఒక ఉత్తరీయంలో పడినాయి. ఆ ఉత్తరీయం తిరపతికి పోయింది. పెండ్లికొడుకు తాళి కట్టబోతా, భుజం మింద నుంచి "నీ మొగం మండ" అని వినపడితే, ఎవురబ్బా అని ఎనక్కి తిరిగి సూసినాడంట. గుడ్డలు కొనే బాలచంద్ర, తిరపతిలో ఆయనకు పెద్దంగడి, మర్నాడే ఆటో ఏసుకోని వచ్చినాడు.

"రంగనాథమన్నా, నువ్వు విన్న సరుకని నమ్మి గదా నేను కట్టలు విప్పకుండా అమ్మేది. దీన్ని వినకుండానే పంపిస్తివా?"

"విన్నానప్పా. నా చెవికి ఏ తిట్టూ పడలే" అన్నాడు రంగనాథం. అది నిజమే. ఆయన చెవికి ఏదీ పడలే. అయితే తిట్టు ఉండే ఉత్తరీయం తన చేతికి రాకుండా ఎవురో తప్పించినారని ఆ పొద్దే మనసులో ఒక ముల్లు దిగింది.

ఇట్లాంటివి మళ్ళీ జరగకుండా బాలచంద్ర ఒక ఉపాయం చెప్పినాడు. ఫోన్లో ఒక ఆడియో పుస్తకం ఎక్కించి ఇచ్చినాడు. "మీవోళ్ళ నోళ్ళు కొంచెం కట్టిపెట్టి ఇది పెట్టండి. మెత్తగా ఉంటాది. తలకాయ ఉండేవోళ్ళకు నచ్చతాది" అన్నాడు. కండెల గదిలో గూట్లో చిన్న స్పీకరు పెట్టినారు. ఆ రోజు నుంచి రాట్నాల మధ్యలో ఆ కత నడుస్తా ఉండాది.

కత ఏమంటే, కొండ దావలో ఒక సత్రం. సత్రంలో రాగి చెంబు పోతాది. రిటైరైన పోస్టుమాస్టరొకాయన దాన్ని కనుక్కునేదానికి కూర్చుంటాడు. ఎవురినీ "నువ్వు తీసినావా" అని అడగడు. "నీకేం పోయింది?" అని అడుగుతాడు. ఒకామె నిద్ర పోయిందంటాది, ఒకాయన అన్నతో మాటలు పోయినాయంటాడు. చెంబు సంగతి చెంబు కాడే ఉంటాది.

"ఇదేం దొంగతనం కత?" అని లీలావతి మొదటి రోజే మొగం ముడుచుకునింది. "ఇంతసేపు విన్నాక ఒక్కరినన్నా పట్టుకోని నాలుగు పీకినాడా? పోలీసులకు చెప్పుంటే మద్యాన్నానికి చెంబు దొరికుండు."

కండెలకని వచ్చిన మురుగేష్ వాకిట్లోనే ఆవలించినాడు. "చెంబు పోతే ఇంత కతా? ఒక శవమన్నా పడాల గదక్కా. నాకైతే నిద్దరొస్తా ఉండాది."

గ్రేసీ మాత్రం చెవి పెట్టి వినేది. ఆమెది వడమాలపేట. రోజూ బస్సులో వచ్చి, పొద్దన కండెలు చుట్టి, సాయంత్రం మూటలు కడతాది. ఆమె ఆ కత వింటా ఉంటే రాట్నం నిదానంగా తిరుగుతాది. "ఆ పోస్టుమాస్టరు ఎవురినీ అనుమానించడే, అందుకే అందురూ ఆయన కాడ నోరిప్పుతా ఉండారు" అనింది ఒకసారి.

తిరపతిలోనూ ఇదే రభస. కొందురు అంగడికి మళ్ళీ వచ్చి, "మా తుండులో సత్రం తలుపు తట్టే కాడ ఆగిపోయింది, తర్వాతది ఇవ్వండి" అని అడగతా ఉండారంట. ఒకాయన, పంచె చెవికి ఆనించుకుంటే ప్రవచనం విన్నట్లుండాదని అరడజను కొన్నాడంట. ఒక పెద్దామె, "దొంగ పేరు ఉండే లుంగీ ఉంటే ఇయ్యి, లేకుంటే వద్దు" అని పోయిందంట. ఇంకొకాయన కోడలు తెలవక ఉతికేసిందని ఇంట్లో పెద్ద గొడవ పెట్టినాడంట. ఇదంతా బాలచంద్ర ఎదురుగా నిలబడి చెప్తా ఉంటే రంగనాథం తల ఊపుతా, నవ్వుతా విన్నాడు. లోపల మాత్రం ఒక్క మాటా నమ్మలే.

ఎందుకంటే, ఆయన రోజూ పొద్దన చెవికి పెట్టుకునే గుడ్డల్లో ఒక్కటీ పలకడం లే. సత్రం లేదు, చెంబు లేదు, పోస్టుమాస్టరు లేడు. మూగ గుడ్డలు. కండెల గదిలో స్పీకరు కాడ నిలబడినా ఏదో గొణుగుడు తప్ప మాట తెలవదు. ఆ చదివే మనిషికి పెదాలు లేవాయె. మరి బాలచంద్ర ఏమో, సరుకు బ్రహ్మాండంగా మాట్లాడతా ఉండాదంటాడు. అంటే తాను విన్నాక, మూట కట్టే లోపల, ఎవురో గుడ్డలు మారుస్తా ఉండారు. మూటలు కట్టేది ఎవురు? గ్రేసీ.

మీరూ నేనూ అయితే ముందు మన చెవులను అనుమానిస్తాం. రంగనాథానికి ఆ ఒక్క చోటు తప్ప లోకమంతా అనుమానమే. తాను గదిలోకి పోతే మాటలు ఆగిపోతాయి. గోడ పక్క తిరిగి గుసగుసలాడతారు. ఎనక నుంచి వచ్చి ఉలిక్కిపడేట్లు భుజం తడతారు. ఇవన్నీ ఏరుకోని పెట్టుకున్నాడు.

ఒక రోజు లీలావతి అడిగింది. "అన్నా, నువ్వు చెప్పు, చెంబు ఎవురు తీసుంటారు?"

తెలవదంటే చులకన. "ఇంకెవురు, ఆ వంటోడే" అన్నాడు రంగనాథం.

రాట్నాలు ఆగినాయి. కతలో వంటోడే లేడు. లీలావతి మురుగేష్ వైపు సూసింది. గ్రేసీ గబుక్కున, "కట్టెలు కొట్టే ఆయన్ని అంటా ఉండాడు అన్న. ఆయనే గదా పొయ్యి కాడ ఉండేది" అనింది. రంగనాథం అవునవునన్నాడు గానీ, నన్ను ఎగతాళి పట్టిచ్చి మళ్ళీ కాపాడినట్లు నటిస్తా ఉండాది ఈమె, అని ఇంకొక ముల్లు దిగింది.

రెండు మూడు రోజులైనాక, షెడ్డు కిటికీలో నుంచి కండెల గదిలోకి సూస్తా ఉంటే, గ్రేసీ లీలావతితో ఏదో చెప్తా ఉండాది. అంత దూరం నుంచీ ఆమె పెదాలు ఆయనకు పలక మింద అచ్చరాల మాదిరి తెలిసినాయి. "ఆయనకు చెప్పొద్దు."

ఇంక ఆగుతాడా? తలుపు తోసుకోని లోపలికి పోయినాడు.

"ఏమి నాకు చెప్పొద్దనేది? నా సరుకు మార్చి ఎవురికి అమ్ముకుంటా ఉండావు గ్రేసీ? ఇన్నేండ్లు అన్నం పెట్టిన షెడ్డుకు ఇదా నువ్వు చేసేది? దొంగ ముండా!"

గ్రేసీ మొగం పాలిపోయింది. లీలావతి లేచి, "అది కాదన్నా, నీకు..." అని మొదలు పెట్టింది. గ్రేసీ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది. రాట్నం మింద సగం చుట్టిన కండె వైపు ఒకసారి సూసింది. తర్వాత టిఫిన్ క్యారియరు తీసుకోని, ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"పోతా అన్నా. రోడ్డు దాటేటప్పుడు రెండు పక్కలా సూసుకోని దాటు."

"సూడు, నన్నే బెదిరిస్తా ఉండాది!" అని రంగనాథం గది అదిరేట్లు అరిచినాడు. కండెలకని వచ్చుండే మురుగేష్ బుట్టలో ఉండే కండెలు ఎత్తుకోని తల దించుకోని మగ్గం కాడికి పోయినాడు.

మద్యాన్నం రంగనాథం మూటల గదిలో తానే కూర్చున్నాడు. రుజువు కావాల. బీరువా ఎనక, అరల కింద, గోనె సంచుల్లో ఎతికినాడు. దొరికింది! పాత దుప్పటి కింద ఒక పంచె, చుట్టగా చుట్టి దాచిపెట్టుండాది. తన షెడ్డు అంచే. "సూస్తిరా!" అన్నాడు గట్టిగా, వినేదానికి ఎవురూ లేకపోయినా. ఆ మాట అన్నందుకు తృప్తిగా ఉండింది గూడా.

పంచె విప్పి చెవికి పెట్టుకున్నాడు. మూగది. అంచు కాడ ఒక పోగు ఊడి ఏలాడతా ఉండాది. మగ్గం కాడ బతికినోనికి ఏలాడే పోగును సూస్తే చేతులు ఊరకుండవు. గుడ్డను రెండు చేతుల్తో బిగబట్టి, పోగును పండ్ల మధ్య పెట్టి కొరకబోయినాడు.

చెవిలో నుంచి కాదు, పండ్లలో నుంచి, దవడ ఎముకలో నుంచి, తలకాయంతా మాట నిండిపోయింది.

"...పోస్టుమాస్టరు చెంబు ఉండిన చోటును తుండుగుడ్డతో తుడిచి, ఖాళీగా ఉన్న చోటు కూడా ఒక వస్తువే కదా అన్నాడు..." ఎవురో నిదానంగా చదవతా ఉండారు. అంత తేటగా ఒక గొంతు విని ఎన్నాళ్ళైందో! రంగనాథం పోగు కొరకలే. దాని మింద లీలావతి గొంతు వచ్చింది, ఎన్నడో రాట్నం కాడ అన్న మాట. "ఎన్నాళ్ళే ఇట్ల? నీకు చెవుడొచ్చిందన్నా అని మొగాన చెప్పేస్తే పోతాది గదా."

తర్వాత గ్రేసీ. "ఆయనకు చెప్పొద్దు. తెలిస్తే దాచుకోలేడక్కా. అబద్ధం ఆయన నోట నిలవదు, పోయి బాలచంద్రతో చెప్పేస్తాడు. చెవి లేనోని సరుకు ఆయనెందుకు కొంటాడు? షెడ్డు మూసేస్తే మనం యాడికి పోవాల? ఆ ఉత్తరీయం గొడవైన కాడి నుంచి, మూట కట్టే ముందు అన్నీ నేను వింటానే ఉండాను గదా. మీరు మాత్రం ఆయన ఎదురుగా నిలబడి మాట్లాడండి. ఎనక నుంచి పిలవద్దండి. బండ్లొచ్చేది ఆయనకు తెలవదు, రోడ్డు దాటేటప్పుడు ఒక కన్నేసి పెట్టండి... అయ్యో, ఇదంతా కండెలో పడిపోయింటాదే. ఈ నూలుతో నేసే పంచె నేను పక్కన పెట్టేస్తాలే."

పోగు నోట్లో పెట్టుకోనే రంగనాథం ఆడ కూలబడినాడు. అబద్ధం నోట నిలవదంట! వినకుండా విన్నానన్నాడు. లేని వంటోన్ని దొంగను చేసినాడు. ఉన్న మనిషిని గూడా చేసినాడు. కండ్లలో నీళ్ళు తిరిగినాయి. సిగ్గు, నిలువెల్లా సిగ్గు.

ఇంట్లోకి పోయి భార్య వనజాక్షి ముందర నిలబడినాడు. "నాకు చెవుడా?"

ఆమె కూరాకు తరిగేది ఆపలే. "ఏడాది దాటింది. నేను గోడ పక్క తిరిగి తిట్టినా ఎదురు చెప్పకపోతివి. మొదట్లో మంచోడివైనావనుకుంటి" అనింది. ఆ తర్వాత కత్తిపీట పక్కన పెట్టి, ఆయన మొగం సూసి, "పో. పోయి గ్రేసీని పిలుచుకోని రా" అనింది.

వడమాలపేటలో బస్సు దిగి, రెండు పక్కలా సూసుకోని రోడ్డు దాటినాడు. గ్రేసీ ఇల్లు చర్చి ఎనక సందులో. కొళాయి కాడ నీళ్ళు పట్టుకునేవాళ్ళు ఉండారు. గ్రేసీ వాకిట్లో కూర్చోనుండాది, పక్కన కూతురు నిస్సీ. ఆయన్ను సూడగానే నిస్సీ లేచి అమ్మకు అడ్డంగా నిలబడింది. ఆ పిల్ల చూపుకే రంగనాథం సగం చచ్చినాడు.

"తప్పైపోయిందమ్మా" అన్నాడు.

గ్రేసీ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఏదో అనింది. భుజాలు కదులతా ఉండాయి. మాట ఒక్కటీ తెలవలే. కొళాయి కాడ బిందెలు పక్కన పెట్టి అందురూ సూస్తా ఉండారు.

"కొంగు తియ్యి గ్రేసీ" అన్నాడు రంగనాథం. "నాకు చెవుడు. నోరు కనపడకుంటే నీ మాట నాకు చేరదు."

ఆ మాట బయటికి అనడం ఆయనకు అదే మొదలు. గ్రేసీ కొంగు తీసింది. ముక్కు తుడుచుకుంది. ఏడుపు కాదు, కోపం అది.

"నువ్వు నా ఇంటి కాడికి వచ్చి తప్పంటే ఏమొస్తాది? నువ్వు నన్ను దొంగ అనింది కండెల గదిలో. నేను ఆడ నోరెత్తితే నీ చెవుడు నూలుకు పడి తిరపతికి చేరతాదని నోరు మూసుకోని వచ్చేస్తి. నువ్వు మాత్రం నోరు మూసుకోకపోతివి. ఆ కండెలు మురుగేష్ ఎత్తుకోని పోయినాడు. ఈ పాటికి నా పేరు గుడ్డై ఉంటాది. దాన్ని ఎవురో కొనుక్కోని చెవి కాడ పెట్టుకుంటారు. నా బిడ్డ తిరపతిలోనే గదా చదివేది."

రంగనాథం లోపల్లోపల లెక్కేసినాడు. ఉతికితే మాట పోతాది, కానీ ఉతికిన గుడ్డను కొత్తదని అమ్మలేరు. కాల్చేయొచ్చు. కాలిస్తే తన తప్పు గూడా ఎవురికీ తెలవకుండా పోతాది. అది తనకే లాభం.

"రేపు వస్తా" అనింది గ్రేసీ. "పనికి కాదు. ఆ గుడ్డ వినేదానికి."

మర్నాడు పొద్దన రంగనాథం మూటల గదికి పోలే. కండెల గదిలోకి పోయి, స్పీకరు ఆపేసి, గ్రేసీ రాట్నం ముందర కూర్చున్నాడు. మురుగేష్ మగ్గాన్ని ఆపించినాడు. నిన్నటి కండెలతో ఒక పంచె సగం దాకా అయ్యుండాది. మిగతా సగానికి పేక ఆయనే చుట్టినాడు. చుట్టినంతసేపూ చెప్పినాడు. తనకు తన గొంతు వినపడదు గాబట్టి షెడ్డు కప్పు లేచిపోయేట్లు చెప్పినాడు. "గ్రేసీ దొంగ కాదు. నాకు చెవుడు. విన్నానని అబద్ధం చెప్పినాను. మీరు కట్టుకున్న గుడ్డలన్నీ విన్నది ఆమె. నేను అనుమానపు ముండాకొడుకును. గ్రేసీ దొంగ కాదు." లీలావతి మొదట నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత కండ్లు ఒత్తుకునింది.

సాయంత్రానికి పంచె మగ్గం దిగింది. గ్రేసీ వచ్చి, నిలబడే చెవికి పెట్టుకునింది. ఈ అంచు కాడ మొదలుపెట్టి ఆ అంచు దాకా జరుపుకుంటా విన్నది. రంగనాథం ఆమె మొగాన్నే సూస్తా ఉండాడు. ఒక చోట ఆమె కండ్లు మూసుకునింది. అది యాడో ఆయనకు తెలుసు.

పంచె దించి, ఆయన వైపు తిరిగి నిలబడింది. "ఇది పోతే ఊరంతా వింటాది అన్నా. బాలచంద్ర గూడా వింటాడు. నీ సరుకు ఆగిపోవచ్చు. పక్కన పెట్టేదా?"

"పంపు" అన్నాడు.

ఆమె పంచె మడిచి, మూట నడిమధ్యలో పెట్టి, తాడు బిగించింది.

పది రోజులకు బాలచంద్ర వచ్చినాడు. రంగనాథం వాకిట్లోనే నిలబడినాడు, ఏ మాటొచ్చినా పడాలనుకోని. బాలచంద్ర ఎదురుగా వచ్చి, పెదాలు బాగా కదిలిస్తా మొదలుపెట్టినాడు. ఆ పంచె కొన్న ఆయన నాలుగు రోజులు ఉతక్కుండా వచ్చేవాళ్ళకంతా వినిపించినాడంట. అదే కతకు ముగింపని అందురూ అనుకుంటా ఉండారంట. దొంగ లేడని తేలింది, ఇంత కన్నా ఏం కావాలని కొందురు. చెంబు సంగతి చెప్పకుండా మద్యలో ఈ అరిచే ముసలోడు ఎవురని కొందురు. దొంగ పేరు ఉండే లుంగీ అడిగిన పెద్దామె మాత్రం, ఆ గ్రేసీ విన్న గుడ్డ ఏదైనా సరే, ఒకటి ఇమ్మనిందంట.

"సరుకు తీసుకుంటా అన్నా" అన్నాడు బాలచంద్ర. "కానీ ఇంక మీదట బాగుందనేది, లేదనేది ఆమె. నేను మాట్లాడేది ఆమెతోనే. నీకు ఇష్టమైతేనే."

రంగనాథం మొగం ఒక్క గడియ మాడిపోయింది. నాయన కాలం నుంచి వస్తా ఉండే పెద్దరికం అది. మింగినాడు. "గ్రేసీ!" అని పిలిచినాడు, వీధంతా అదిరేట్లు.

గ్రేసీ చేతులు తుడుచుకుంటా వచ్చింది. బాలచంద్ర ఆమెను పిలుచుకోని మూటల వైపు పోయినాడు. ఇద్దురూ ఆయనకు వీపు పెట్టి నిలబడి శానాసేపు మాట్లాడుకున్నారు. మద్యలో ఒకసారి గ్రేసీ తల అడ్డంగా ఊపింది. ఒకసారి ఇద్దురూ నవ్వినారు. ఏమనుకున్నారో రంగనాథానికి తెలవలే. తెలుసుకోవాలని ముందుకూ పోలే. మురుగేష్ షెడ్డులో నుంచి పడుగు తెగిందని పెదాలు కదిపితే, దాన్ని అతికేదానికి పోయినాడు.